పసుపు ఎలుకని రెండుసార్లు పట్టిన బోను

నేను ఒక ఎలుకల బోనుని. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. పైనా కిందా పక్కలా మామిడి చెక్క, వెనక ఇనప జల్లెడ, ముందు జారిపడే రేకు తలుపు. లోపల ఒక కొక్కెం. కొక్కేనికి గుచ్చిన ముక్కని ఎవరు లాగితే వాళ్ళ వెనకే తలుపు పడుతుంది. నాకు తెలిసిన న్యాయం అంతవరకే.

అనుమానించడం నా వృత్తి. ఎలుక నన్ను అనుమానిస్తుంది. నేను ఎలుకని అనుమానిస్తాను. మా ఇద్దరి మధ్య ముక్క గుచ్చిన మనిషి పక్కింటివాణ్ణి అనుమానిస్తాడు. ఈ మూడో అనుమానం వల్ల ఒక ఆడమనిషి కాపరం వీధిన పడేదాకా వచ్చింది. ఆ వ్యవహారంలో మొదటినుంచి చివరిదాకా ఉన్న సాక్షిని నేనొక్కదాన్నే. చిక్కేమిటంటే, నాకు నోరు లేదు.

నన్ను చేసింది అనకాపల్లిలో సన్యాసాచారి అనే వడ్రంగి. ఎవరింట్లోనో తీసేసిన పాత వీధి తలుపు చెక్కతో నన్ను బిగించాడు. పని పూర్తయ్యాక తలుపు పడుతోందో లేదో చూడ్డానికి తన వేలే లోపల పెట్టాడు. మూడోసారికి గోరు నల్లబడింది. నన్ను ఒక తిట్టు తిట్టి, మురిసిపోయి, బెల్లం గిడ్డంగి వాళ్ళకి ఇచ్చేశాడు.

ఆ గిడ్డంగిలోనే నా చదువంతా సాగింది. ఎలుక కొత్త వస్తువుని చూడగానే దగ్గరికి రాదు. రెండు రోజులు, మూడు రోజులు దూరంనుంచి వాసన చూస్తుంది. గది మధ్యలో నడవదు, గోడని రాసుకుంటూ పోతుంది. బొటనవేలు దూరే కన్నం ఉంటే చాలు, ఒళ్ళంతా దూర్చేస్తుంది. ఇవన్నీ తెలిసిన బోను ఎక్కడైనా బతుకుతుంది. ఒకరోజు గిడ్డంగిలోకి జిగురు అట్టలు వచ్చాయి. నన్ను మూలకి గిరాటేశారు. అక్కడ బూజు పట్టి పడి ఉండగా, బెల్లం కోసం వచ్చిన బొడ్డేడ వరహాలమ్మ చూసింది. గిడ్డంగి యజమానికి ఆవిడ వరసకి అక్క. అడగను కూడా అడగలేదు. సంచిలో బెల్లం దిమ్మ కింద నన్ను పెట్టుకుని చింతవారి సందుకి పట్టుకుపోయింది.

చింతవారి సందు చివర మూడు రకాల కొంపలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. అన్నిటికంటే ముందు వరహాలమ్మ పెంకుటిల్లు. దాని వెనక, ఆవిడదే, ఒకే రేకుల కప్పు కింద వరసగా నాలుగు పోర్షన్లు. పోర్షన్ల వెనక ఆరడుగుల గోడ. గోడకి అవతల కొత్తగా లేచిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటు.

ఏ ఇంట్లో ఏ పురుగు ఉంటుందో గడప దాటకుండానే నేను చెప్పగలను. పెంకుటిల్లయితే శత్రువు పైనుంచి దిగుతాడు. పెంకులకీ వాసాలకీ మధ్య సందుల్లో ఎలుకలకి రాజమార్గాలున్నాయి. కింద మట్టి తగిలే చోట చెదలు, గోడ పగుళ్ళలో తేళ్ళు. వరహాలమ్మ ఇంట్లో దేవుడి మందసం కాళ్ళు రెండు చెదలు తినేస్తే కింద ఇటుకలు పెట్టి నిలబెట్టింది.

పోర్షన్ల సంగతి వేరు. అక్కడ అడ్డగోడలు కప్పుదాకా వెళ్ళవు. రేకుల కింద బెత్తెడు ఖాళీ వదిలేశారు, గాలాడుతుందని. మనుషులకి నాలుగు ఇళ్ళు. ఎలుకకి అదంతా ఒకటే పొడుగాటి వసారా. మొదటి పోర్షన్లో మంచానికి నల్లులు పడితే నాలుగో పోర్షన్లో గోక్కోవడం మొదలవుతుంది. ఒకింటివాళ్ళు మందు కొడితే బొద్దింకలు వరసగా పక్కింటికి చుట్టపుచూపుగా వెళ్తాయి.

అపార్ట్‌మెంటువాళ్ళ గర్వమంతా ఎత్తు మీద. రెండో అంతస్తుకి ఎలుక ఎలా వస్తుంది అంటారు. గొట్టాలు దిగడానికి కిందనుంచి పైదాకా ఒక చీకటి బావిలాంటిది కట్టుకున్నారు. ఎలుకకి ఆ గొట్టాలు నిచ్చెన మెట్లు. కింద మూతలేని చెత్త తొట్టె దానికి భోజనశాల. మెట్లెక్కి ఆయాసపడేది మనుషులే.

ఇప్పుడు ఆ సందు ఆచారం ఒకటి చెప్పాలి. కథంతా దాని మీదే నడిచింది.

బోను పెట్టామని ఆ సందులో ఎవరూ పైకి అనరు. అంటే ఎలుక వింటుందట, విని ఆ ఛాయలకి రాదట. అందుకని వరహాలమ్మ నన్ను తన వీధి అరుగు మీద మేకుకి తగిలించింది. కావలసినవాళ్ళు చడీచప్పుడు లేకుండా తీసుకెళ్ళాలి, పనయ్యాక మళ్ళీ మేకుకి తగిలించాలి. తీసుకెళ్ళేవాళ్ళు ఎదురైతే మొహం తిప్పుకోవాలి. ఏం పట్టుకెళ్తున్నావు అని అడగకూడదు. ఎవరింట్లో ఎన్ని పడ్డాయో, పడ్డవాటిని ఎక్కడ వదిలారో ఎవరికీ తెలియదు. వినాయకుడి వాహనం కదా, చంపడానికి చేతులు రావు. అందరూ వదిలేస్తారు. ఎక్కడ అన్నది రహస్యం. ఎలుక వింటుందన్న భయంతో మనుషులు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవడం మానేశారు. రహస్యాలు ఇష్టపడేవాడికి ఇంతకంటే మంచి సందు దొరకదు.

మూడో పోర్షన్లో నూకరత్నం ఉండేది. నలభై దాటిన మనిషి. భర్త దేముడు బెల్లం యార్డులో కాటా దగ్గర పని చేస్తాడు. ఆమె జంతికలు, చేగోడీలు వండి కొట్లకీ పెళ్ళిళ్ళకీ ఇస్తుంది. ఆ పోర్షన్ వెనక చిన్న పెరడు, అందులో ఆమె స్వయంగా కట్టుకున్న జంట పొయ్యి. కట్టెల పొయ్యి పెట్టుకోనిచ్చే ఇంటివాళ్ళు ఊళ్ళో దొరకరు. ఆ పొయ్యి ఉంటేనే ఆమె పని. ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్యకి నూకాలమ్మ జాతర మొదలైతే నెల్లాళ్ళు ఊపిరి తీసుకోలేనంత వంట. ఏడాదికి సరిపడా గట్టెక్కేది ఆ నెల్లాళ్ళలోనే.

జాతరకి నెలన్నర ఉందనగా సందులో ఎలుకలు పెరిగాయి.

ఒకటీ రెండూ కాదు. జోగినాయుడని మొదటి పోర్షన్లో మోటార్ సైకిళ్ళ మెకానిక్ ఉండేవాడు. అతని బండి సీటు రాత్రికి రాత్రి పీచు పీచు అయింది. వరహాలమ్మ పట్టుచీరకి కన్నాలు పడ్డాయి. అపార్ట్‌మెంట్లో ఎవరిదో కారు లోపలి తీగలు కొరికేసి కారు కదలలేదు. ఇన్ని జరిగాక ఎలుక మీద కోపం రావాలి. రాలేదు. ఎలుకలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న వచ్చాక అందరి చూపూ ఒకే గుమ్మం వైపు తిరిగింది. పిండి బస్తాలున్న గుమ్మం, నూనె వాసనొచ్చే గుమ్మం.

అపార్ట్‌మెంటు సెక్రటరీ పద్మనాభం గారు ఒక కాగితం రాయించారు. ఆయన పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు. మడత నలగని తెల్ల లాల్చీ, నుదుట బొట్టు, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ సంచి. వెనక పోర్షన్లో తినుబండారాల తయారీ వల్ల ఎలుకలు వృద్ధి చెందుతున్నాయనీ, ఆ కాపరాన్ని ఖాళీ చేయించకపోతే పురపాలక సంఘానికి ఫిర్యాదు చేస్తామనీ ఆ కాగితం సారాంశం. ఇరవై ఫ్లాట్లవాళ్ళ పేర్లు కింద రాసి ఉన్నాయి, సంతకాలు పెట్టడమే తరువాయి. ఒక నకలు వరహాలమ్మకి అందింది.

వరహాలమ్మ చెడ్డది కాదు, పిరికిది. ఫిర్యాదు వెళ్తే అధికారులు వచ్చి నాలుగు పోర్షన్లూ చూస్తారు. చూస్తే కప్పు గురించి, మరుగుదొడ్ల గురించి అడుగుతారు. ఆవిడ నూకరత్నాన్ని అరుగు మీదకి పిలిచింది. నేను మేకుకి వేలాడుతూ విన్నాను. నీ పిండి డబ్బాలకి మూతలున్నాయో లేవో చూసుకో, ఎలుకలు తగ్గితే సరే, లేకపోతే జాతర ముందే ఇల్లు ఖాళీ చెయ్యాలంది. నూకరత్నం మూతలు చూపిస్తాను రమ్మంది. వరహాలమ్మ వెళ్ళలేదు. చూస్తే నమ్మవలసి వస్తుందని భయమేమో అని నాకు అనుమానం.

ఆ సాయంత్రం నూకరత్నం నన్ను తీసుకెళ్ళింది. ఆమె వంటిల్లు నేను కళ్ళారా చూశాను. పిండంతా రేకు డబ్బాల్లో, డబ్బాలన్నీ గోడకి దూరంగా బల్ల మీద. రాలిన పిండిని తడిగుడ్డతో తుడిచేసింది. మోరీ కన్నానికి ఇటుక అడ్డం పెట్టింది. ఇంత శుభ్రమైన ఇంట్లో ఎలుక పుట్టదు. రావాలి. ఎక్కణ్ణుంచో రావాలి.

మాడిన జంతిక ముక్క కొక్కేనికి గుచ్చి నన్ను గోడవారగా పెట్టింది. తెల్లారేసరికి నాలో ఒక ఎలుక ఉంది. కుడి చెవి సగం తెగింది. వీపు మీద వెంట్రుకలు పచ్చగా, పసుపు పచ్చగా ఉన్నాయి.

నూకరత్నం నన్ను గుమ్మం బయట పెట్టగానే మొదట చూసింది జోగినాయుడు. నన్ను వాకిట్లోకి తెచ్చి పెట్టాడు. పోర్షన్లవాళ్ళు చుట్టూ చేరారు. వరహాలమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంగి చూసింది.

"ఇంకేటి సాక్ష్యం కావాలి?" అన్నాడు జోగినాయుడు. "శెనగపిండిలో పొర్లి వచ్చింది సూడండి. దీనికి మన సెల్లెమ్మగారే భోజనం పెట్టి పెంచుతున్నారు."

నలుగురూ నవ్వారు. నూకరత్నం నవ్వలేదు. ఎలుక వీపు వైపే చూస్తూ నిలబడింది.

"అది పిండి కాదన్నయ్యా, పసుపు," అంది మెల్లిగా. "నా జంతికల్లో వామూ నువ్వులే. పసుపు వెయ్యను. చేగోడీల్లోనూ వెయ్యను. ఆ మాట నా జంతికలు తిన్నోళ్ళందరికీ తెలుసు. నువ్వూ తిన్నావు."

ఆ మాట ఎవరికీ పట్టలేదు. రంగు రంగే కదా. వరహాలమ్మ చెప్పదలచుకున్నది చెప్పేసింది. ఆదివారం అపార్ట్‌మెంట్లో మీటింగు ఉందనీ, తననీ పిలిచారనీ, ఆ రోజు ఏదో ఒకటి తేల్చేస్తాననీ. అప్పటికి ఇంకా నాలుగు రోజులు.

ఇక్కడ నేను ఒక మాట దాచాను. ఇప్పుడు చెప్పేస్తాను. ఆ ఎలుక నాలో పడటం అది మొదటిసారి కాదు.

అంతకు మూడు రోజుల ముందు అదే తెగిన చెవితో, అప్పటికి బూడిద రంగు వీపుతో, అది నాలో పడింది. ఆ ఇల్లు పద్మనాభం గారిది. అపార్ట్‌మెంటు రెండో అంతస్తు, గొట్టాల బావి పక్క వంటిల్లు.

ఎలుక రాలేదని, రాదని వాదించే రెండో అంతస్తులో నేను ఆ రెండు నెలల్లో పదకొండు ఎలుకల్ని పట్టాను. ఆయన పొద్దున్నే నడకకి వచ్చినట్టు వచ్చి, మేకు మీద నుంచి నన్ను తీసి గుడ్డ సంచిలో వేసుకునేవారు. సందు ఆచారం ప్రకారం ఎవరూ చూసేవారు కాదు. ఎలుక పడిన తెల్లారి ఆయన భార్య విశాలాక్షి గారు నన్ను దేవుడి గది ముందు పెట్టి, నా నెత్తిన బొట్టు పెట్టి, స్వామీ క్షమించు అని జల్లెడ లోంచి బంతిపూల రేకులు జల్లేవారు. ఆ రోజు పసుపు నీళ్ళు కూడా చిలకరించారు. ఎలుకకి ఆ మర్యాద నచ్చలేదు. నా లోపల గింగిరాలు తిరిగింది. ఆ తర్వాత మాస్టారు నన్ను సంచిలో పెట్టుకుని అపార్ట్‌మెంటు వెనక్కి నడిచారు. అటూ ఇటూ చూశారు. నన్ను ఆరడుగుల గోడ మీద పెట్టి, తలుపు అవతలికి తిప్పి, పైకి లేపారు.

గోడ దిగిన ఎలుక ముందు రేకుల కప్పు ఉంది. కప్పు కింద బెత్తెడు ఖాళీ ఉంది.

పదకొండుసార్లు అలాగే జరిగింది. అన్నీ చూశాను. ఒక్కటీ చెప్పలేను. సాక్షికి నోరు లేకపోతే సాక్ష్యాన్ని ఇంకెవరో చదవాలి.

చదివింది నూకరత్నమే. ఎలుకని ఊరి బయట వదిలొచ్చి, నన్ను కడగడానికి పెరట్లోకి తీసుకెళ్ళి, తలకిందులు చేసి తట్టింది. మూలలో ఇరుక్కున్న ఎండిన బంతిపూల రేకు ఒకటి ఆమె అరచేతిలో పడింది. కొక్కెం ముల్లుకి ఇంకా ఏదో అంటుకుని ఉంది. గోటితో గీకి వాసన చూసింది. మిరియాలు వేసిన గారె. ఆమె పెట్టింది జంతిక ముక్క. నా నెత్తిన చెరిగిన కుంకుమ మరక మీద వేలు రుద్ది చూసుకుంది.

ఎవరో ఎలుకకి పూజ చేస్తున్నారు. చేసి వదులుతున్నారు. ఎవరు?

ఆ రోజునుంచి ఆమె కళ్ళు మారిపోయాయి. ఇంటికి వచ్చినవాళ్ళ నుదుటి బొట్టు చూసేది. ఎవరి పెరట్లో బంతిమొక్కలున్నాయో లెక్కపెట్టేది. మొదటి అనుమానం వరహాలమ్మ మీదే వెళ్ళింది. నేను వేలాడేది ఆవిడ అరుగు మీద. పూజలు ఎక్కువ. స్థలం బిల్డరుకి ఇచ్చేస్తే ఆవిడకీ అపార్ట్‌మెంట్లో రెండు ఫ్లాట్లు వస్తాయని ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. కాపరాలు వాటంతటవే ఖాళీ అయితే ఆవిడకి సుఖమే కదా అని నూకరత్నం భర్తతో అంది. దేముడు తల అడ్డంగా ఊపాడు. ఆ ముసలావిడకి ఎలుక తోక చూస్తే జ్వరం వస్తుంది, పెంచుతుందేటి అన్నాడు. నూకరత్నం ఒప్పుకోలేదు. జోగినాయుణ్ణి కూడా వదల్లేదు. మూడో పోర్షన్ ఖాళీ అయితే ఆ పెరడు తన బళ్ళకి పనికొస్తుందని అతను ఒకప్పుడు అన్న మాట ఆమెకి గుర్తుంది.

అడిగితే ఎవరూ చెప్పరు. ఆచారం అడ్డం. అందుకని ఆమె అడగడం మానేసి, నాకు వల పన్నడం నేర్పింది.

పండక్కి మిగిలిన ముగ్గుల రంగు, ఆకుపచ్చది, ఒక పొట్లం తీసింది. కొబ్బరినూనెలో కలిపి ముద్ద చేసింది. నా అడుగు చెక్క మీద ఈ చివరనుంచి ఆ చివరదాకా పూసింది. ఏళ్ళ మురికితో నల్లబడ్డ చెక్క మీద ఆ రంగు పైకి తెలియలేదు. నన్ను తీసుకెళ్ళి మేకుకి తగిలించి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది.

మొదటి రోజు నన్ను జోగినాయుడు తీసుకెళ్ళాడు. ఎలుక పడలేదు, తిరిగి తగిలించాడు. రెండో రోజు ఎవరూ ముట్టుకోలేదు. మూడో రోజు, శనివారం పొద్దున్న, గుడ్డ సంచి నోరు తెరుచుకుని నా మీదకి వచ్చింది.

ఆ సంచిలో నేను ఆలోచించినదల్లా ఒకటే. ఈ రాత్రి ఎలుక రావాలి. నా బతుకులో ఎలుక కోసం ఎదురుచూసింది చాలాసార్లు. ఒక మనిషి కోసం ఎదురుచూసింది అదొక్కసారే.

వచ్చింది. బలిసిన ఎలుక. పడింది. ఆకుపచ్చలో కాళ్ళు జారుతూ తెల్లారేదాకా తొక్కింది.

ఆదివారం ఏడింటికి మీటింగు. ఆరున్నరకి మాస్టారు నన్ను గోడ మీద పెట్టి తలుపు ఎత్తారు. ఎలుక కదలదే. నా జల్లెడ పట్టుకుని వేలాడుతోంది. ఆయన కంగారుగా నన్ను ఎత్తి వంచారు, అడుగున అరచేత్తో చరిచారు, బొటనవేలు లోపలికి పెట్టి తోశారు. అప్పుడు దూకింది. ముందు వైపునుంచి ఎవరో సెక్రటరీ గారూ, కుర్చీలు వేసేశామండీ అని పిలిచారు. ఆయన చెయ్యి సంచికి తుడుచుకుని, నన్ను అందులోనే వేసుకుని నడిచారు. మేకు దాకా వెళ్ళడానికి వ్యవధి లేకపోయింది.

ఆ సమయంలో పెరట్లో ఏం జరిగిందో తర్వాత నూకరత్నం చెబుతుండగా విన్నాను. ఆమె పొయ్యి రాజెయ్యడానికి వచ్చి, వంటింటి గోడ మీద చిన్న చిన్న ఆకుపచ్చ అడుగులు చూసింది. పిండి డబ్బాల బల్ల దగ్గరనుంచి వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళింది. అడ్డగోడ పైన అడుగులు. రేకుల మీద అడుగులు. నిచ్చెన వేసుకుని ఎక్కితే, వెనక గోడ తెల్లసున్నం మీద అడుగులు. గోడ మధ్యలో ఒకచోట అవి ఆగిపోయాయి. అంతకు ముందు అడుగు లేదు. ఎలుక ఆకాశం నుంచి దిగినట్టు ఆ అడుగుల వరస గోడ నడిమధ్యలో మొదలైంది.

అంటే వరహాలమ్మ కాదు. జోగినాయుడు కాదు. గోడకి అవతలివాళ్ళు. అవతల ఇరవై ఫ్లాట్లు. ఆ ఇరవైలో ఎవరు?

అపార్ట్‌మెంటు కింద కార్లు పెట్టే చోట మీటింగు. నేను సంచిలో, సంచి పద్మనాభం గారి కుర్చీ చేతికి తగిలించి ఉంది. గుడ్డ పలచన, అంతా కనబడుతోంది. వరహాలమ్మ ఒక చివర తల వంచుకుని కూర్చుంది. జోగినాయుడు వెనక నిలబడ్డాడు. నూకరత్నం వచ్చి స్తంభం పక్కన నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆమె చూపు అందరి చేతుల మీదా తిరుగుతోంది.

మాస్టారు కాగితం చదివారు. ఎవరి మీదా ద్వేషం లేదన్నారు, ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం అన్నారు. చదవడం అయ్యాక తాను ముందు సంతకం పెట్టి, పక్కవారికి అందించబోయారు. కాగితం అంచు ఎడమచేతి బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు. వేలు తీశారు.

"ఆగండి బాబూ," అంది నూకరత్నం.

గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా కాగితం అందుకోబోయినాయన చెయ్యి ఆగింది.

"ఆ కాయితం మీద ఆ పచ్చ మరకేటండి?"

మాస్టారు చూసుకున్నారు. తెల్ల కాగితం మూల ఆకుపచ్చ బొటనవేలి ముద్ర, గీతలతో సహా. లెక్కల మాస్టారు కదా, సమాధానం వెంటనే వెతికారు. మొక్కలకి నీళ్ళు పోశానన్నారు. నూకరత్నం తన చెయ్యి పైకెత్తి చూపించింది. ఆమె వేళ్ళ సందుల్లో కూడా అదే ఆకుపచ్చ. నాలుగు రోజులుగా కడిగినా పోలేదు.

"ఈ రంగు నేను కలిపేనండి. బోను అడుగున పూసేను. ఎలక కాలికి అంటుకోవాలని. ఇప్పుడొచ్చి మా గోడ సూడండి, రేకులు సూడండి. మీ గోడ మీద నుంచి నా పిండిడబ్బాల దాకా పచ్చటి అడుగులున్నాయి. ఆ బోను ఎక్కడుందో కూడా నాకు తెలీదు. మీకు తెలిస్తే సెప్పండి."

అప్పుడు జోగినాయుడు ముందుకి వచ్చి, కుర్చీకి తగిలించిన సంచి అడుగువైపు వేలు చూపించాడు. సంచి అడుగున ఆకుపచ్చ ఊరుతోంది. అతను నన్ను బయటికి తీసి, అందరికీ కనబడేలా ఎత్తిపట్టాడు. ఇన్నేళ్ళకి నేను సాక్ష్యం ఇచ్చిన తీరు అది. కొబ్బరినూనె వాసనతో.

విశాలాక్షి గారు కూర్చున్నచోటే అన్నారు, "నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను, దూరం తీసుకెళ్ళండి అని."

మాస్టారు పచ్చటి వేలు లాల్చీ వెనక్కి దాచుకున్నారు. "నేను చంపలేదమ్మా," అన్నారు చివరికి. "ఒక్కదాన్ని కూడా చంపలేదు. వదిలేశానంతే. గోడకి అవతల, ఖాళీ స్థలంలో."

"ఆ ఖాళీ స్థలంలో నాలుగు కాపరాలున్నాయండి," అంది నూకరత్నం.

నేను చాలా ఎలుకల మొహాలు చూశాను. తలుపు పడ్డాక అవి వెనక్కి తిరిగి చూసే చూపు ఒకటుంటుంది. మాస్టారి మొహంలో అది కనబడింది. ఆయన అబద్ధం చెప్పలేదు, అదే విచిత్రం. రెండేళ్ళుగా ఆ గోడ పక్కన నడుస్తూ, అవతల రేకులు చూస్తూ, పొగ చూస్తూ, జంతికలు కొనుక్కు తింటూ, అది ఖాళీ స్థలమని మనస్ఫూర్తిగా నమ్మారు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లాల్చీ జేబులో వేసుకున్నారు. తర్వాత ఆ కాగితం ఎవరికీ కనబడలేదు.

మీటింగుకి వచ్చినవాళ్ళలో సగం మంది గోడ చూడ్డానికి వెళ్ళారు. అక్కణ్ణుంచి నూకరత్నం వాళ్ళని వెనక్కి నడిపించి, మూతలేని చెత్త తొట్టె చూపించింది, గొట్టాల బావి చూపించింది. ఎలుకలు ఎక్కడ తిని ఎక్కడ ఎక్కుతున్నాయో ఆమె చెప్పనక్కర్లేకపోయింది, గొట్టాల చుట్టూ ఎలుక పెంటికలే చెప్పాయి. వారం తిరగకుండా బావికి అడుగునా పైనా ఇనప జల్లెడలు పడ్డాయి. తొట్టెకి మూత వచ్చింది. పోర్షన్ల అడ్డగోడల మీది బెత్తెడు ఖాళీని గాజుపెంకులు కలిపిన సిమెంటుతో జోగినాయుడే మూశాడు. గాలి కోసం జల్లెడ బిగించిన కిటికీలు రెండు పెట్టారు. ఆ పని చేస్తున్నంతసేపూ అతను నూకరత్నం మొహం చూడలేదు. ఆమె పళ్ళెంలో జంతికలు పెట్టి నిచ్చెన కింద ఉంచి వెళ్ళింది. పసుపు ఉందేమో చూసుకో అన్నయ్యా అని మాత్రం అంది.

వరహాలమ్మ ఆ సాయంత్రమే వచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఒలే నూకరత్నం, జాతరకి నాకో రెండు డబ్బాలు ఎక్కువ వండు," అంది. ఇల్లు ఖాళీ చెయ్యమన్న మాట ఆవిడ ఎత్తలేదు, నూకరత్నమూ ఎత్తలేదు. ఆ రెండు డబ్బాలతో అది కొట్టుకుపోయింది.

కాని ఒక సంగతి చెప్పకపోతే నా వృత్తికి ద్రోహం. వరహాలమ్మ ఇంట్లో నాలో పడిన ఎలుకల్ని ఎక్కడ వదిలేవారో నాకు తెలుసు. ఆవిడ స్వయంగా పట్టుకోలేక పని మనిషికి ఇచ్చేది. పని మనిషి అపార్ట్‌మెంటు చెత్త తొట్టెలో వదిలి వచ్చేది. మాస్టారు ఇటు, ఆవిడ అటు. ఎలుకలకి ఆ రెండు నెలలూ రెండు ఇళ్ళ మధ్య చుట్టరికం నడిచింది. మీటింగులో ఆవిడ తల వంచుకుని కూర్చుంది నూకరత్నం మీద జాలితో అని అందరూ అనుకున్నారు. నాకు అనుమానమే.

ఆచారం మారింది. అరుగు మీద మేకు పక్కన ఇప్పుడు ఒక పలక వేలాడుతోంది. బోను తీసుకెళ్ళేవాళ్ళు పేరు రాయాలి, పడితే పడిందని, ఎక్కడ వదిలారో అదీ రాయాలి. ఎలుక చదువుకుంటుందేమో అని మొదట్లో నవ్వుకున్నారు. మొదటి పేరు పద్మనాభం గారే రాశారు, గుండ్రటి అక్షరాలతో. వదిలిన చోటు అన్నదాని కింద, ఊరి బయట శారదా నది అవతలి గట్టు, నడిచి వెళ్ళాను, అని ఉంది. ఆ వయసులో అంత దూరం. నేను ఆయన సంచిలోనే ఉన్నాను కాబట్టి అది నిజమని చెప్పగలను.

ఆ తర్వాత పలక మీద రాతలు తగ్గిపోయాయి. కన్నాలు మూసిన ఇళ్ళలో బోనుకి పనేముంటుంది? కొక్కెం తుప్పు పట్టింది. తలుపు సగంలో ఇరుక్కుపోతోంది. పాత ఇనుముకి వేస్తారనుకున్నాను. నూకరత్నం ఒకరోజు వచ్చి వరహాలమ్మని అడిగి నన్ను తీసుకెళ్ళింది. వేడినీళ్ళతో తోమి, ఎండబెట్టి, లోపల జంతికల గొట్టం, బిళ్ళలు పెట్టుకుంది. గాలాడుతుంది, ఎలుక ముట్టదు అంది భర్తతో. ఎంత తోమినా అడుగున ఆకుపచ్చ మాత్రం పోలేదు.

జాతర నెల్లాళ్ళూ నేను ఆ జంట పొయ్యి పక్కనే ఉన్నాను. నూనె కాగుతుంటే, వాము వాసన వెనక గోడ దాటి అవతలికి పోయేది. రోజూ సాయంత్రం గోడ మీదనుంచి ఒక స్టీలు డబ్బా కిందికి దిగేది. విశాలాక్షి గారిది. మాస్టారు పట్టుకునేవారు. నూకరత్నం నింపి ఇచ్చేది. మాటలు పెద్దగా ఉండేవి కావు. డబ్బా అందుకుంటూ ఆయన ప్రతిసారీ మునివేళ్ళ మీద లేచి, మెడ చాచి, ఈవలికి చూసేవారు. పొయ్యి, దండెం మీద బట్టలు, గుమ్మంలో దేముడి చెప్పులు, బల్ల మీద డబ్బాలు. ఒక్కొక్కటే చూసేవారు, వరసగా, లెక్క సరిచూసుకునే మనిషిలాగా.

గోడకి రెండు వైపులా బతికినదాన్ని నేను. ఖాళీ స్థలం అన్నది ఎటువైపూ నాకు కనబడలేదు.